కొద్దిది నిర్ణయిస్తుంది, మిగతాది ఏం చేస్తుంది?

1

ఆమధ్య ఒక సాహిత్య పాఠశాలలో నవల మీద చర్చ జరుగుతున్నప్పుడు ఒక యువ విమర్శకుడు లేచి ఇలా అన్నాడు: "సమాజాన్ని నడిపించే శక్తులు రెండో మూడో ఉంటాయి. వాటిని పట్టుకుంటే చాలు. పాత్రల చిన్న చిన్న అలవాట్లూ, ఊరి యాసా, వంటింటి తగాదాలూ అన్నీ వట్టి వివరాలు. ఈ సంగతి ఇప్పుడు గణితశాస్త్రం కూడా రుజువు చేసింది. అనంతమైన సంక్లిష్టత వెనక లెక్కపెట్టగలిగినన్ని అంశాలే ఉంటాయని తేల్చింది."

సభలో చాలామంది తలలూపారు. గణితం పేరు చెబితే సాహిత్య సభల్లో ఎదురు చెప్పేవాళ్లు అరుదు. నేను ముప్ఫై ఏళ్ల పైన డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పి రిటైరైనవాణ్ణి. ఐనా ఆ రోజు నేనూ నోరు మెదపలేదు. ఆ మాటలో సగం నిజం ఉంది. రెండో సగం చెప్పాలంటే సభలో ఇచ్చే రెండు నిమిషాలు చాలవు. ఆ రెండో సగం కోసమే ఈ వ్యాసం.

ఆ మిత్రుడు ప్రస్తావించిన ఫలితాలు నిజంగా ఉన్నాయి. పరావలయ తరగతికి చెందిన పాక్షిక అవకలన సమీకరణాలు కొన్నింటిలో, స్థితిని వర్ణించటానికి మొదట్లో అనంతమైన సంఖ్యలు కావలసివచ్చినా, చాలాకాలం గడిచాక పరిమితమైన సంఖ్యలు సరిపోతాయని గడిచిన అరవై ఏళ్లలో గణితవేత్తలు నిరూపించారు. పేరు చూసి పాఠకులు బెదరనక్కర్లేదు. భౌతికశాస్త్రం చదివిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు మీద మామూలు తెలుగులో వ్యాసాలు రాసి మనకో దారి వేశాడు. ఆ దారినే పోవటానికి ప్రయత్నిస్తాను. పైగా ఈ గణితానికి ఒక చరిత్ర ఉంది. అందులో చెరసాలలున్నాయి, యుద్ధఖైదీల శిబిరం ఉంది, కాల్చివేతకు గురైన ఒక బడిపంతులున్నాడు. రచయితలు తెలుసుకోవలసిన చరిత్ర అది.

2

కథ వేడితో మొదలవుతుంది. జోసెఫ్ ఫూరియే ఫ్రాన్సులోని ఓసేర్ పట్టణంలో 1768లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. విప్లవకాలంలో తన ఊరి విప్లవ కమిటీలో పనిచేశాడు. ఆ విప్లవమే 1794లో అతన్ని జైల్లో పెట్టింది. రోబెస్పియర్ పతనమయ్యాక బయటపడ్డాడు. తర్వాత నెపోలియన్ కింద గ్రెనోబుల్‌లో జిల్లా పాలనాధికారిగా ఉంటూనే, ఘనపదార్థాల్లో వేడి ఎలా వ్యాపిస్తుందో లెక్కకట్టాడు. 1807లో సమర్పించిన ఆ పరిశోధనను లగ్రాంజ్ వంటి మహాగణితవేత్త ఒప్పుకోలేదు. చివరికి 1822లో గాని అది పుస్తకంగా రాలేదు.

ఫూరియే చెప్పినదాన్ని ఒక ఇనుప కడ్డీతో అర్థం చేసుకోవచ్చు. కొలిమిలో అక్కడక్కడ ఎర్రగా కాల్చిన కడ్డీని బయటికి తీసి, రెండు చివరలూ ఎప్పుడూ చల్లగా ఉండేటట్టు మంచులో పెట్టామనుకుందాం. ఈ క్షణాన కడ్డీ స్థితి చెప్పాలంటే ఎన్ని సంఖ్యలు కావాలి? గోడ మీద వాలిన ఈగ ఎక్కడుందో చెప్పటానికి రెండు సంఖ్యలు చాలు. గదిలో ఎగిరే ఈగకు మూడు కావాలి. ఇలా స్థితిని చెప్పటానికి కావలసిన సంఖ్యల లెక్కనే గణితంలో పరిమాణం అంటారు. కడ్డీకి ప్రతి బిందువు దగ్గరా ఒక ఉష్ణోగ్రత ఉంది. కాబట్టి దాని పరిమాణం అనంతం.

కడ్డీలోని వేడి ఎంత గజిబిజిగా ఉన్నా దాన్ని తరంగాల మొత్తంగా రాయవచ్చునన్నాడు ఫూరియే. మొదటి తరంగం కడ్డీ పొడుగునా ఒకే వంపు. రెండోదానికి రెండు వంపులు, మూడోదానికి మూడు. ఇలా అంతులేకుండా పోతాయి. ఐతే ఈ తరంగాలన్నీ ఒకే వేగంతో చల్లారవు. మొదటి తరంగం సగానికి తగ్గే కాలంలో రెండోది పదహారో వంతుకు పడిపోతుంది. మూడోది 512వ వంతుకు పడిపోతుంది. వంపులు ఎన్ని ఎక్కువైతే చావు అంత త్వరగా వస్తుంది. కొంచెం సేపయ్యాక కడ్డీని చూస్తే మొదటి తరంగం ఒక్కటే కనిపిస్తుంది. కమ్మరి ఎక్కడెక్కడ కాల్చాడో కడ్డీ మరిచిపోయినట్టే ఉంటుంది.

వేడి సమీకరణంలాంటివాటినే పరావలయ సమీకరణాలంటారు. ఆ పేరు బీజగణితంలోని ఒక పోలికనుబట్టి వచ్చింది. కడ్డీ ఆకారానికి సంబంధించింది కాదు. సన్నటి వివరాల్ని త్వరగా నునుపు చెయ్యటమే వీటి ప్రధాన లక్షణం.

3

ఇంతవరకే ఐతే ఇందులో పెద్ద విశేషం లేదు. మంచులో పెట్టిన కడ్డీ చివరికి పూర్తిగా చల్లారిపోతుంది. చల్లారిపోయినదానికి చరిత్ర లేదు. లోపల నిరంతరం ఏదో పుడుతూ ఉండాలి, దాన్ని వ్యాపనం నునుపు చేస్తూ ఉండాలి. అప్పుడే ఆ రెండింటి వైరుధ్యంలోంచి చెప్పుకోదగ్గ కదలిక వస్తుంది. జీవరాశిలో అనుకూలమైన లక్షణం ఒకటి ఎలా వ్యాపిస్తుందో వర్ణించటానికి 1937లో ఇంగ్లండులో ఫిషర్, మాస్కోలో కొల్మగోరవ్, పెత్రోవ్‌స్కీ, పిస్కునోవ్ ఇటువంటి సమీకరణమే రాశారు. ఆ 1937 అనే సంవత్సరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఈ రకం సమీకరణాల్లో ఒకదాన్ని 1974లో చేఫీ, ఇన్‌ఫాంటె అనే ఇద్దరు క్షుణ్ణంగా పరిశీలించారు. లోపల పుట్టే శక్తి బలాన్ని ఒక సంఖ్యతో సూచిద్దాం. కడ్డీ పొడవును తగిన ప్రమాణంలో తీసుకుంటే, ఆ సంఖ్య 1కి లోపున ఉన్నంతకాలం వ్యాపనానిదే గెలుపు. అంతా సున్నాకు పోతుంది. 1కీ 4కీ నడుమ ఉంటే నిలకడ స్థితులు మూడు. 4కీ 9కీ నడుమ ఐతే అయిదు. శక్తి పెరుగుతూ ఒక్కొక్క వర్గసంఖ్య దాటినప్పుడల్లా రెండేసి కొత్త స్థితులు పుట్టుకొస్తాయి. మొదట ఎక్కడ బయలుదేరినా చివరికి చేరే స్థితుల సముదాయానికి ఆకర్షకం అని పేరు. ఈ ఉదాహరణలో ఆకర్షకం పరిమాణం మొదట 1, తర్వాత 2, ఆ తర్వాత 3 అవుతుంది. అనంతంలో బయలుదేరిన ప్రయాణం వేళ్లమీద లెక్కపెట్టగలిగిన చోటికి చేరుతుంది. మన మిత్రుడి మాటలో నిజమైన సగం ఇదే.

4

అసలు కష్టం ప్రవాహాల దగ్గర వచ్చింది. నీళ్లూ గాలీ ఎలా కదులుతాయో చెప్పే సమీకరణాల్ని 1822లో నవియే, 1845లో స్టోక్స్ రూపొందించారు. ద్రవానికి జిగట ఉంటుంది. ఆ జిగట వేడి వ్యాపించినట్టుగానే వేగంలోని తేడాల్ని నునుపు చేస్తుంది. కాని ప్రవాహం తన్ను తాను మోసుకుపోతూ పెద్ద సుడుల్లోంచి చిన్న సుడుల్ని పుట్టిస్తుంది. నది మెల్లగా పారితే ఒక తీరు, వేగం పెరిగితే కల్లోలం. ఆ కల్లోలానికి అంతు ఉందా?

1934లో ఫ్రెంచి గణితవేత్త జాన్ లెరే ఈ సమీకరణాలకు ఒక విస్తృతమైన అర్థంలో పరిష్కారాలు ఎప్పటికీ ఉంటాయని నిరూపించాడు. మూడు దిశల్లో కదిలే ప్రవాహానికి అవి ఎప్పటికీ నునుపుగా ఉంటాయా, ఒకే ఒకటిగా ఉంటాయా అన్నది తేల్చలేకపోయాడు. అది ఈనాటికీ తేలలేదు. 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో అదొకటి.

లెరే 1940లో జర్మన్ సైన్యానికి యుద్ధఖైదీగా చిక్కి, 1945 దాకా ఆస్ట్రియాలోని అధికారుల శిబిరంలో ఉన్నాడు. తనకు ప్రవాహాల గణితం తెలుసని బయటపడితే దాన్ని నాజీల యుద్ధానికి వాడుకుంటారేమోనని దాన్ని దాచిపెట్టాడు. టోపాలజీ మాత్రమే తెలిసినవాడిలాగా చలామణి అయ్యాడు. శిబిరంలో తోటి ఖైదీలకోసం ఒక విశ్వవిద్యాలయమే నడిపి, ఆ అయిదేళ్లలో టోపాలజీ రూపురేఖల్నే మార్చేశాడు. జ్ఞానం ఎవరి చేతిలో పడుతుందన్న ప్రశ్న వేసుకున్న శాస్త్రజ్ఞుడికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

యుద్ధం సాగుతుండగానే, 1944లో, సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ లాందౌ కల్లోలం ఎలా పుడుతుందో ఒక ఊహ ప్రతిపాదించాడు. ప్రవాహ వేగం పెరిగేకొద్దీ ఒకదాని మీద ఒకటిగా కొత్త కంపనాలు చేరతాయనీ, ఏ దశలోనైనా వాటి సంఖ్య పరిమితమేననీ దాని సారాంశం. ఆ లాందౌ 1938 నుంచి 1939 దాకా ఒక సంవత్సరం స్టాలిన్ జైల్లో ఉన్నవాడే. కపిత్స అనే సాటి శాస్త్రజ్ఞుడు పట్టుబట్టి పూచీ ఉంటే గాని బయటికి రాలేదు. 1948లో ఎబెర్‌హార్డ్ హోఫ్ దాదాపు అదే ఆలోచనను గణితభాషలో చెప్పాడు. జిగట ఎంతో కొంత ఉన్నంతవరకూ ప్రవాహం దీర్ఘకాలంలో పరిమిత పరిమాణం గల సముదాయంలోకే వచ్చి చేరుతుందనీ, జిగట తగ్గేకొద్దీ ఆ పరిమాణం పెరుగుతుందనీ అతని ఊహ. ఈ హోఫ్ 1936లో అమెరికా వదిలి హిట్లర్ జర్మనీలో ఉద్యోగానికి వెళ్లి, యుద్ధకాలంలో అక్కడి వైమానిక పరిశోధన సంస్థలో పనిచేసినవాడు. లెరే దాచిన జ్ఞానాన్ని హోఫ్ దాచలేదు. ఒకే గణితం, ఇద్దరు మనుషులు.

5

ఊహను రుజువుగా మార్చటానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1967లో రుమేనియాకు చెందిన చిప్రియన్ ఫోయాష్, ఇటలీకి చెందిన జొవాన్ని ప్రోదీ కలిసి రెండు దిశల్లో కదిలే ప్రవాహాల గురించి ఒక సిద్ధాంతం ప్రకటించారు. దాన్ని మామూలు మాటల్లో ఇలా చెప్పవచ్చు. ఒకే బలం కింద నడిచే రెండు ప్రవాహాలున్నాయి. మొదట్లో వాటికి పోలికే లేదు. వాటిలోని పెద్ద తరంగాల్ని మాత్రం, మొదటి నూరో వెయ్యో అనుకుందాం, గమనిస్తూ పోయాం. కాలం గడిచేకొద్దీ ఆ పెద్ద తరంగాలు రెండు ప్రవాహాల్లోనూ ఒకటవుతూ వస్తే, మనం గమనించని మిగతా అనంతమైన చిన్న తరంగాలు కూడా తప్పనిసరిగా ఒకటవుతాయి. అంటే పెద్దవి కొన్ని మిగతావాటినన్నింటినీ నిర్ణయిస్తాయి. అందుకే వాటికి నిర్ణాయక తరంగాలని పేరు వచ్చింది. ఎన్ని చూడాలన్నది జిగటనూ బలాన్నీ బట్టి ఉంటుంది.

ఫోయాష్ 1978 తర్వాత స్వదేశం విడిచిపెట్టాడు. కొంతకాలం ఫ్రాన్సులో ఉండి, ఆపైన అమెరికాలో స్థిరపడ్డాడు.

1972లో లెనిన్‌గ్రాడ్‌లో ఓల్గా లాదిజెన్‌స్కయా మరో అడుగు ముందుకు వేసింది. రెండు దిశల ప్రవాహం చివరికి చేరే స్థితులన్నింటినీ ఒక సముదాయంగా తీసుకుని, దాని కదలిక మొత్తాన్ని పరిమితమైన సంఖ్యలో తరంగాలు నిర్ణయిస్తాయని రుజువు చేసింది. ఆ సముదాయం మీద కాలాన్ని ముందుకే కాదు, వెనక్కి కూడా నడపవచ్చునని చూపించింది. తర్వాతి పరిశోధనలు ఈ పునాది మీదనే లేచాయి. 1976లో మాలె-పారె, 1979లో ఫోయాష్, టెమామ్ ఆకర్షకాల పరిమాణం పరిమితమేనని నిరూపించారు. 1941లో నాజీల నుంచి తప్పించుకోవటానికి ల్వోవ్ విడిచి టిబిలిసీ దాకా వెళ్లిన మార్క్ విషిక్, తన శిష్యుడు బాబిన్‌తో కలిసి 1983లో ఈ విషయాన్ని విస్తరించాడు.

ఇక లాదిజెన్‌స్కయా సంగతి. ఆమె 1922లో కొలొగ్రివ్ అనే చిన్న రష్యన్ పట్టణంలో పుట్టింది. తండ్రి బడిలో గణితం పంతులు. కూతుళ్లకు ఇంట్లో గణితం చెప్పేవాడు. 1937లో స్టాలిన్ పోలీసులు ఆయన్ని పట్టుకుపోయి కాల్చి చంపారు. మాస్కోలో ముగ్గురు గణితవేత్తలు పైన చెప్పిన వ్యాపన సమీకరణాన్ని రాసిన సంవత్సరమే అది. 1939లో ఓల్గా లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. ఐనా 'ప్రజాశత్రువు' కూతురు కాబట్టి సీటు ఇవ్వలేదు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో చేరింది. యుద్ధం రాగానే కొలొగ్రివ్‌కు తిరిగి వచ్చి పిల్లలకు గణితం చెప్పింది. 1943లో గాని ఆమెకు మాస్కో విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకోలేదు. తయారైన డాక్టరేట్ పరిశోధనను సమర్పించటానికి స్టాలిన్ మరణించిన 1953 దాకా ఆగవలసివచ్చింది. తండ్రి నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకున్నది 1956లో. కవయిత్రి అన్నా అఖ్మతోవా ఆమెకు స్నేహితురాలు. ఒక కవితను ఆమెకు అంకితమిచ్చింది. లాదిజెన్‌స్కయా 2004లో మరణించింది.

నా విద్యార్థి దశలో సోవియట్ గణిత పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో మాబోటివాళ్లు కొనగలిగిన ధరకు దొరికేవి. అవి లేకపోతే నేను గణితం చదివి ఉండేవాణ్ణి కాదు. ఆ ఋణం నేను దాచను. కాని ఆ పుస్తకాల్ని ఎంత ప్రేమించామో, వాటి వెనకనున్న మనుషుల గురించి అంత తక్కువ అడిగాం. లాదిజెన్‌స్కయా పేరుతో ఉన్న అసమానతను చాలా ఏళ్లు నల్లబల్ల మీద రాసి పాఠం చెప్పాను. ఆమె తండ్రి సంగతి నాకు తెలిసింది రిటైరయ్యే రోజుల్లో. అప్పటిదాకా తెలియకపోవటం ఒక్క నా అజ్ఞానమే కాదు. తెలుసుకోనక్కర్లేదని మనం పెంచుకున్న ఒక అలవాటు కూడా. పెద్ద శక్తులు పురోగమిస్తున్నప్పుడు ఒక చిన్న ఊరి బడిపంతులు లెక్కలోకి రాడని మనలో ఒక భాగం నమ్మింది. ఆ యువ విమర్శకుడి మాట నన్ను అంతగా కలవరపెట్టటానికి కారణం ఇదే. అది నాకు కొత్త మాట కాదు. నేను ఒకప్పుడు నమ్మిన మాటే.

6

కాబట్టి గణితం నిజంగా ఏమి చెప్పిందో జాగ్రత్తగా చూడాలి.

మొదటి సంగతి: పరిమితం అంటే కొద్ది అని అర్థం కాదు. కొల్మగోరవ్ 1941లో ఇచ్చిన అంచనాల ప్రకారం, మూడు దిశల కల్లోల ప్రవాహాన్ని వర్ణించటానికి కావలసిన స్వతంత్ర అంశాల సంఖ్య రేనాల్డ్స్ సంఖ్య అనే కొలతతోపాటు చాలా త్వరగా పెరుగుతుంది. ఆ కొలత 10 లక్షలైతే, కావలసిన అంశాలు సుమారు 30 లక్షల కోట్లు. ఇదీ పరిమితమే. 'రెండో మూడో శక్తులు' అని ఎవరైనా అంటే ఆ రెండూ మూడూ లెక్క కట్టినవా, అనుకున్నవా అని అడిగే హక్కు మనకుంది.

రెండో సంగతి: కొద్ది అంటే సరళం అని అర్థం కాదు. దీన్ని బయటపెట్టినవాడు ఎడ్వర్డ్ లోరెంజ్. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైన్యానికి వాతావరణ సూచనలు చెప్పిన మనిషి. 1961లో మసాచుసెట్స్‌లో చిన్న కంప్యూటర్ మీద పన్నెండు అంశాల వాతావరణ నమూనా నడుపుతూ, ఒకసారి 0.506127 అని ఇవ్వవలసిన చోట 0.506 అని ఇచ్చాడు. కొంతసేపు రెండు లెక్కలూ కలిసే నడిచి, తర్వాత ఒకదానికొకటి సంబంధం లేకుండా విడిపోయాయి. 1963లో అతను ప్రచురించిన వ్యాసంలో అంశాలు మూడే. వేడెక్కిన ద్రవం కదలికను చెప్పే పాక్షిక అవకలన సమీకరణాల్లోంచి మూడు తరంగాల్ని మాత్రం మిగిల్చి తయారుచేసిన నమూనా అది. ఆ మూడింటిలోనే భవిష్యత్తును చాలాదూరం ముందుగా చెప్పటం అసాధ్యమైంది. ఆ లెక్కల్ని యంత్రం మీద నడిపినవాళ్లు ఇద్దరు యువతులు, ముందు మార్గరెట్ హామిల్టన్, తర్వాత ఎలెన్ ఫెటర్. శాస్త్రచరిత్ర చాలాకాలం వాళ్ల పేర్లు చెప్పకుండానే నడిచింది. 1971లో రుయెల్, టాకెన్స్ కల్లోలానికి లాందౌ చెప్పినట్టు కంపనాలు గుట్టలుగా పేరుకోనక్కర్లేదనీ, కొద్ది అంశాల్లోనే అలాంటి వింత ఆకర్షకం పుట్టగలదనీ చెప్పారు.

అంటే కదలిక మొత్తాన్ని మూడు సంఖ్యలు నిర్ణయిస్తున్నా, ఆ కదలిక ఎటు పోతుందో ముందే చెప్పగలమనే పూచీ లేదు. నిర్ణయం వేరు, జోస్యం వేరు. మన విమర్శలో ఈ రెండింటినీ ఒకటిగా చూసిన సందర్భాలు తక్కువేం కాదు.

7

మూడో సంగతి అన్నింటికంటె ముఖ్యమైంది. పెద్ద తరంగాలు చిన్నవాటిని నిర్ణయిస్తాయి సరే, మరి చిన్నవి ఏం చేస్తాయి?

దీనికి కురామోతో–శివషిన్‌స్కీ సమీకరణం మంచి జవాబిస్తుంది. దీన్ని 1976లో జపానులో కురామోతో, త్సుజుకి రసాయనిక చర్యల సందర్భంలోనూ, 1977లో శివషిన్‌స్కీ మంట అంచు ముడతలుపడే తీరును వివరిస్తూనూ విడివిడిగా కనుక్కున్నారు. ఇందులో పెద్ద తరంగాలు తమంతట తామే పెరుగుతాయి. ఆపేవాళ్లు లేకపోతే హద్దు లేకుండా పెరిగిపోతాయి. చిన్న తరంగాలు తమంతట తాము నశిస్తాయి. సమీకరణంలోని సరళం కాని పదం పెద్దవాటి దగ్గరనుంచి చిన్నవాటికి శక్తిని మోసుకుపోతుంది. చిన్నవి ఆ శక్తిని అరిగించేస్తాయి. అందువల్లనే మొత్తం కదలిక ఒక హద్దులో నిలుస్తుంది. ఆ హద్దు ఉన్నందువల్లనే పరిమిత పరిమాణం గల ఆకర్షకం ఉంది.

ఇక్కడున్న గతితార్కికత గమనించండి. పెద్దవి చిన్నవాటిని నిర్ణయిస్తాయి. కాని చిన్నవి లేకపోతే నిర్ణయించటానికి పెద్దవే నిలవవు. చిన్న తరంగాల్ని 'వట్టి వివరాలు' అని కొట్టేసి పెద్దవాటిని మాత్రమే ఉంచి లెక్క చేస్తే ఆ లెక్క కట్టలు తెంచుకుంటుంది. నిర్ణయింపబడటం అంటే పనిలేకుండా పడి ఉండటం కాదు.

1985లో ఫోయాష్, సెల్, టెమామ్ ఈ సంబంధాన్ని పూర్తిగా స్పష్టం చెయ్యాలని ప్రయత్నించారు. చిన్న తరంగాలన్నింటినీ పెద్దవాటి ఆధారంగా కచ్చితంగా ఇచ్చే సూత్రం ఒకటి ఉంటే, అనంతమైన సమీకరణం స్థానంలో పరిమితమైన మామూలు సమీకరణాలు రాసుకోవచ్చు. దీనికి ఇనర్షియల్ మేనిఫోల్డ్ అని పేరు పెట్టారు. కురామోతో–శివషిన్‌స్కీ సమీకరణానికి అది దొరికింది. ఐతే పెద్ద తరంగాలకూ చిన్నవాటికీ నడుమ చాలినంత ఎడం ఉంటేనే ఆ పద్ధతి పనిచేస్తుంది. రెండు దిశల ప్రవాహానికి అలాంటి సూత్రం ఉందో లేదో ఇంకా తేలలేదు. 2013లో ఈడెన్, కలంతరోవ్, జెలిక్ చూపించిన ఉదాహరణలు మరీ హెచ్చరిక లాంటివి. ఆకర్షకం పరిమితమే ఐనా, దాన్ని నునుపైన పరిమిత నమూనాగా కుదించటానికి వీల్లేని పరావలయ సమీకరణాలు ఉన్నాయని అవి తెలియజేశాయి. సంఖ్యలు పరిమితం కావచ్చు, ఐనా సారాన్ని రూపం నుంచి విడదీసి చేతిలో పెట్టమంటే కుదరకపోవచ్చు.

8

సమాజానికి ఇలాంటి సమీకరణాన్ని ఎవరూ రాయలేదు. గణితంలోంచి సాహిత్యానికి సిద్ధాంతాలు దించుకోవటం నా ఉద్దేశం కాదు. ఆ మిత్రుడు చేసిన పొరపాటే నేనూ ఎదురు దిశలో చేసినట్టవుతుంది. గణితాన్ని సాక్షిగా పిలిచినప్పుడు ఆ సాక్షి చెప్పింది పూర్తిగా వినాలని మాత్రమే నా విజ్ఞప్తి. నిజానికి ఈ మాట చెప్పటానికి గణితం దాకా పోనక్కర్లేదు. 1890లో జోసెఫ్ బ్లోఖ్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ ఆర్థికాంశం అంతిమంగా నిర్ణాయకమనే తన అభిప్రాయాన్ని, అదొక్కటే నిర్ణాయకమని వక్రీకరిస్తే అది అర్థం లేని వట్టిమాట ఐపోతుందని స్పష్టంగానే హెచ్చరించాడు. హెచ్చరిక చదివినవాళ్లమే దాన్ని మరిచిపోయాం.

నవలలో వంటింటి తగాదా, ఊరి యాస, ఒక మనిషి చెప్పు విప్పే తీరు, ఇవి పెద్ద శక్తులవల్ల నిర్ణయమైనవే కావచ్చు. కాని ఆ పెద్ద శక్తులు ఎక్కడ అరుగుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ హద్దు దొరుకుతోందో తెలిసేది ఇక్కడే. వాటిని తీసేసి రాసిన నవల మరింత శాస్త్రీయం కాదు. మంచి నవలాకారుడికి ఇది సిద్ధాంతం తెలియకపోయినా తెలుసు. విమర్శకుడు నేర్చుకోవలసి ఉంది.

చివరగా మరపు గురించి ఒక మాట. కడ్డీ తన గతాన్ని మరిచిపోయినట్టే ఉంటుందని మొదట్లో రాశాను. 'మరిచిపోయినట్టే' అన్నాను గాని 'మరిచిపోయింది' అనలేదు. వేడి సమీకరణంలో రెండు వేర్వేరు గతాలు ఎంతకాలం గడిచినా పూర్తిగా ఒకే వర్తమానంగా మారవు. రెండు దిశల ప్రవాహానికి కూడా ఇది నిజమని 1973లో బార్దోస్, తార్తార్ నిరూపించారు. తేడా కొలవటానికి అందనంత చిన్నదవుతుంది. మన పనిముట్లకు కనిపించకుండా పోతుంది. కాని సున్నా మాత్రం కాదు.

గతాన్ని వెనక్కి చదవటం సమీకరణానికి కష్టం. అక్కడే చరిత్రకారుడి పనీ రచయిత పనీ మొదలవుతాయి. 1937లో కొలొగ్రివ్‌లో ఒక గణితం పంతుల్ని చంపారు. నాలుగేళ్ల తర్వాత అదే ఊళ్లో ఆయన కూతురు పిల్లల ముందు నిలబడి గణితం చెప్పింది. మరో ముప్ఫై ఏళ్లకు ఆమె, ప్రవాహం చివరికి చేరే చోట కాలాన్ని వెనక్కి కూడా నడపవచ్చునని రుజువు చేసింది. ఈ మూడు వాక్యాల మధ్య కార్యకారణ సంబంధం ఉందని నేననను. వీటిలో దేన్నీ వివరమని కొట్టెయ్యటానికి మాత్రం నేనిప్పుడు ఒప్పుకోను. మళ్లీ ఆ సభే జరిగి, ఆ మిత్రుడే లేచి ఆ మాటే అంటే, ఈసారి నేను లేస్తాను.